సట్టి అయ్యేదాకా

పడిపోయిన రోజునుంచీ మా అత్త నోట ఒకే ఒక్క మాట వస్తోంది. సట్టి.

కుడిచెయ్యి పడిపోయింది. మూతి ఒక పక్కకు జారింది. కొడుకు మురుగేష్ పేరు పలకబోతే గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఆ ఒక్క మాట మాత్రం చక్కగా వస్తోంది. మురుగేష్ గంజి గ్లాసు పట్టుకొని వంగితే పెదాలు బిగిస్తుంది, గ్లాసు పక్కకు పోయాక సట్టి అంటుంది. నర్సమ్మ ఇడ్లీ మెదిపి తెస్తే తల తిప్పుకొని సట్టి అంటుంది. నీళ్ళిస్తే మాత్రం గుటక వేస్తుంది. తిరుపతి ఆసుపత్రిలో ఆ వార్డంతా చంద్రకాంతమ్మ అన్న పేరు మరిచిపోయి ఆమెను సట్టి అవ్వ అని పిలవడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిక గలది. మింగడానికి అడ్డమేమీ లేదనీ, ఆమె తినలేక కాదు, తినకూడదనుకొని తినడం లేదనీ చెప్పింది. షుగరు మనిషిని సెలైను మీద ఎంతకాలమని నెట్టుకొస్తాం, సాయంత్రంలోగా కడుపులోకి ఏదో ఒకటి పోకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తాం అంది. పక్క మంచం ముసలాయనకు ఆ గొట్టం ఉంది. పీకేస్తున్నాడని రెండు చేతులూ మంచానికి గుడ్డతో కట్టారు. మా అత్తకు మిగిలిందే ఒక చెయ్యి. దాన్నీ కడతారు.

నేను ఆమె కోడల్ని, భానుప్రియని. పుట్టింది శ్రీకాళహస్తిలో, మెట్టింది నగరిలో. రెండూ చిత్తూరు సీమే కదా అని పెళ్ళికి ముందు మా నాయన సంబరపడ్డాడు గానీ, నగరివాళ్ళ తెలుగులో సగం అరవమని అప్పుడు మాకు తెలియదు. మా ఇంట్లో గరిటె, వాళ్ళింట్లో అగప. మా ఇంట్లో దాక, వాళ్ళింట్లో సట్టి.

సట్టి అంటే వెడల్పు నోటి మట్టిపాత్ర. అత్తింట్లో సట్టి అంటే ఒకటే, చేపల పులుసు సట్టి. మురుగేష్ కడుపులో ఉన్నప్పుడు వడమాలపేట దగ్గర చెంగమ్మ అనే కుమ్మరామె చేతినుంచి కొనిందట మా అత్త. అంటే నా మొగుడికంటే ఆ సట్టి పెద్దది, ఇంట్లో మర్యాద కూడా దానికే ఎక్కువ. చెంగమ్మ చేత్తో తట్టి చేసింది కాబట్టి అడుగున ఆమె వేళ్ళ గుంతలు ఇప్పటికీ తెలుస్తాయి. ఇన్నేళ్ళ పులుసు తాగి నల్లబడి, నూనె రాసినట్టు మెరుస్తుంది. అంచున ఒకచోట పెంకు లేచిపోయింది. పొయ్యి మీదనుంచి దించినాక కూడా పులుసు దాంట్లో చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. మర్నాడు పొద్దున ఆ పులుసుకు వచ్చే రుచి ఎలాంటిదంటే, అత్త మీద కోపంతో పళ్ళు కొరుకుతున్న రోజుల్లో కూడా నేను రెండో ముద్ద సంగటి పెట్టించుకొనేదాన్ని.

పెళ్ళయిన కొత్తలో ఆ సట్టిని నిమ్మకాయ వాసనొచ్చే గిన్నెల సబ్బుతో తళతళలాడేలా తోమిపెట్టాను. మెప్పు కోసమే. మట్టిపాత్ర సబ్బును తాగేస్తుందని నాకెవరు చెప్పారు? మర్నాడు పులుసు మరిగేకొద్దీ నురగ వచ్చింది. మామ మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని, మింగలేక కక్కలేక, నా ముఖం చూసి మింగేశాడు. అత్త సట్టిలో బియ్యం కడిగిన నీళ్ళు పోసి, మార్చి మార్చి కాచి, ఎండలో బోర్లించి, చివరికి వేలి కణుపుతో తట్టి చూసింది. ఖంగుమన్నాక గానీ ఆమె ముఖం విచ్చుకోలేదు. కుండ ఏదైనా సరే, కణుపుతో తట్టందే నమ్మే మనిషి కాదు. సంతలో కుండలవాళ్ళు ఆమె వస్తుంటేనే విసుక్కొంటారు. ఆ రోజునుంచి ఆ సట్టిని నన్ను ముట్టుకోనివ్వలేదు.

అది నేను నవ్వుకోగలను. నవ్వుకోలేనిది వేరే ఉంది. పెళ్ళయి ఆరేళ్ళయింది. నాకు రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ పోయింది. పోయిన ఎండాకాలం పెరటి గోడ దగ్గర అత్త పక్కింటి స్టెల్లక్కతో మాట్లాడుతూ, "సట్టిలో ఉంటే గదమ్మా అగపలో వచ్చేది" అనడం నా చెవిన పడింది. కుండలో ఉంటేనే గరిటెలోకి వస్తుంది. అది ఎవరి గురించో నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. నా కడుపు ఖాళీ కుండ అని పక్కింటి వాళ్ళకు చెబుతోంది. ఆ పూట నుంచి అత్తతో అవసరానికి మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

దీపావళి అయిన మూడోనాడు బట్టల అంగట్లో నా పని ముగించుకొని వస్తూ చెరువు చేపలు తెచ్చాను. చూస్తే పొయ్యి పక్కన సట్టి లేదు. అటక మీద లేదు. పెరట్లోనూ లేదు. అడిగితే అత్త చేపల సంచి వైపు చూసింది, నా వైపు చూసింది, తల వంచుకొని కొబ్బరి పీచుతో తొట్టి తోముకోసాగింది. నా చేతికి అందకూడదని దాచిపెట్టిందని నాకు ఒళ్ళు మండింది.

"పోయేటప్పుడు ఆ సట్టిని నెత్తిన పెట్టుకొనే పోతావులే అత్తా" అన్నాను.

ఆ చేపల్ని అల్యూమినియం గిన్నెలో పడేసి, మూత ఎత్తెత్తి కొడుతూ వండాను. పులుసు ఇంకా దించలేదు, పెరట్లో తొట్టి దగ్గర దబ్బుమని చప్పుడైంది.

బీపీ ఎక్కువై తలలో నరం దెబ్బతిందన్నారు. మాత్రలు మానేసిందా అని డాక్టరమ్మ అడిగితే, రోజూ వేసుకొంటుంది అని అందరం ఒకే మాట చెప్పాం. నేనన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆమె సట్టి అన్నప్పుడల్లా నా మాట నాకే తిరిగొచ్చి తగులుతోంది.

ఆ సట్టి కోసమే దిగులు పెట్టుకొందనీ, మట్టిపాత్రలో పెడితే తింటుందేమో చూద్దామనీ ఆ రోజు పొద్దున మురుగేష్ అన్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది నాకు. కాఫీ కూడా తాగకుండా అలిపిరి రోడ్డుకు పోయాను. అక్కడ పేవ్‌మెంటు మీద మట్టిసామాను పరుచుకొని అమ్ముతారు. కొళాయి బిగించిన కుండలు, ప్లాస్టిక్ సీసా ఆకారంలో మట్టి సీసాలు, పాతకాలంనాటివిలా కనిపించాలని నల్లరంగు పూసిన గిన్నెలు. ఉన్నవాటిలో సట్టిలాంటిది ఒకటి కొని, కడిగించి, క్యాంటీనులో గంజి పోయించుకొని ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చాను. వాచ్‌మన్ నా చేతిలోది చూసి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరమ్మా పోయినారు?" అన్నాడు మెల్లగా.

ఎవరూ పోలేదన్నాను. పోకపోతే కొత్తకుండ ఎందుకు తెస్తివి, లోపల ప్రాణాలు పట్టుకొని ఎంతమంది పడుకొనుండారో తెలుసా అని కసిరాడు. క్యూలో ఉన్న ఒకామె తన బిడ్డను నా పక్కనుంచి లాక్కొంది. కొత్తకుండ ఎక్కడ ముందు నడుస్తుందో నాకు మాత్రం తెలియదా? నెత్తిన పెట్టుకొని పోతావులే అన్న నోటితోనే వాడికి ఏం జవాబు చెప్పను? సట్టిని పమిట కింద దాచుకొని, ఇంకో గేటునుంచి దొంగలాగా లోపలికి పోయాను.

అత్త దాన్ని చూసింది. ఎడమచెయ్యి లేపి, కణుపుతో ఒక దెబ్బ తట్టింది. డొప్పుమని మొద్దుచప్పుడు వచ్చింది. ముఖం గోడవైపు తిప్పుకొని సట్టి అంది.

"ఇది కాదంటాండాది. పాతదే కావల్లంట" అన్నాడు మురుగేష్. అతని కళ్ళ కింద నలుపు చూస్తే నాకు భయమేసింది. "నువ్వు ఇంటికి పోయి యాడుండాదో ఎతుకు భానూ. సాయంత్రం డాక్టరమ్మ వచ్చేలోపల రావల్ల."

నగరి మీదుగా పోయే తిరుత్తణి బస్సెక్కాను. వాన మొదలైంది. వడమాలపేట దాటి, పుత్తూరు దాటి, ప్రతి స్టాపులోనూ ఆ బస్సు ఆగుతుంటే డ్రైవరును దించేసి నేనే నడపాలనిపించింది. ఆ సట్టి పగిలిపోయి ఉంటే ఎలా? ఎవరికైనా ఇచ్చేసి ఉంటే? గొట్టం వేశాక ఆమె దాన్ని పీకేస్తే, అందులోంచి రక్తం వస్తే? వీటన్నిటి కింద అసలు భయం ఇంకొకటుంది. సట్టి దొరికినా ఆమె తినకపోతే, ఇక ఆమె అడిగేది సట్టిని కాదు, నన్ను. నేనన్న మాటకు జవాబు అడుగుతోంది.

నగరిలో మా వీధంతా మరమగ్గాల రొద. మా మామ కోదండం బతుకంతా ఆ రొదలోనే నిలబడి చెవులు పోగొట్టుకొన్నాడు. మన పెదాలు చూసి సగం, ఊహతో సగం మాట్లాడతాడు. ఆయన మగ్గం ఆపి ఎదురొచ్చి, ఎట్లుండాది అని చేత్తో అడిగాడు. నేను నోరు పెద్దగా తెరిచి, "సట్టి యాడ మామా?" అని అరిచాను.

ఆయన నా పెదాలు చూసి, గోడమీద క్యాలెండరు చూసి, "రేపు" అన్నాడు.

ఎప్పుడని కాదు, ఎక్కడ అని మళ్ళీ అరిచాను. సట్టి రేపే, అందులో అనుమానం లేదన్నట్టు ఆయన తల పంకించాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఇదే. ఆయన్ను వదిలేసి వంటింట్లోకి దూరాను.

ఆ ఇంట్లో ఎన్ని మట్టిపాత్రలున్నాయో అప్పుడు చూశాను. ఉప్పుకుండ, చింతపండు కుండ, తడి ఇసుకలో కూర్చున్న నీళ్ళకుండ, అటక మీద మూతులకు గుడ్డలు కట్టిన విత్తనాల కుండలు. అన్నీ దించాను, అన్నిట్లో చెయ్యిపెట్టి చూశాను. చేపల సట్టి లేదు. వాడకుండా బోర్లించిన మజ్జిగ ముంత ఒకటి ఎత్తితే దాని కిందినుంచి మాత్రలు దొర్లాయి. అత్త బీపీ మాత్రలు. తిన్నాక వేసుకోవాలని మురుగేష్ రోజూ ఆమె చేతిలో పెట్టే మాత్రలు. నేను వాటిని అరచేతిలో పెట్టుకొని అలాగే కూర్చుండిపోయాను. ఆమె మాత్రలు ఎందుకు దాచింది? చావాలనా? నేనన్న మాటకు ముందునుంచే చావాలనుకొందా? గాలి ఆడక పెరట్లోకి వచ్చాను.

గోడకు అవతల స్టెల్లక్క ఇల్లు. ఆమె బట్టలు కుడుతుంది, మొగుడు ప్రేమానందం ఆటో నడుపుతాడు. వాళ్ళ వంటింటి చూరు కింద, వాన తగలకుండా గోనెపట్ట మీద బోర్లించి ఉంది మా సట్టి. అంచున పెంకు లేచిన చోటు ఇటువైపే ఉంది.

నాకు ముందు వచ్చింది సంతోషం కాదు, కోపం. ఆరేళ్ళుగా కాపురం చేస్తున్న నన్ను ముట్టుకోనివ్వని సట్టిని పక్కింటికి దానం చేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా సందు చుట్టి పోయి, స్టెల్లక్కను అడగనైనా అడగకుండా దాన్ని చంకన పెట్టుకొన్నాను. కుట్టుమిషను వదిలి ఆమె పరుగెత్తుకొచ్చింది.

"యాడికి తీసుకపోతావు? దాన్ని ఇప్పుడు ఇంట్లోకి తేవద్దనింది గదా మీ అత్త."

ఆసుపత్రికి, అన్నాను. సట్టి సట్టి అని కలవరిస్తోందనీ, దీంట్లో గంజి కాచి పెడితే గానీ తినేటట్టు లేదనీ, సాయంత్రానికి గొట్టం వేస్తారనీ ఊపిరాడకుండా చెప్పాను. స్టెల్లక్క ముఖం పాలిపోయింది. నా చంకలోంచి సట్టిని లాక్కొని తన గుండెకు ఆనించుకొంది.

"దేవుడా. దీంట్లో పెడితే అంతా మట్టిగలిసిపోతాది గదమ్మే. ఇది నీచు సట్టి. సట్టి అయ్యేదాకా ఈడ పెట్టుకో స్టెల్లా, నా ఇంట్లో నీచు వాసన ఉండకూడదు అని ఇచ్చిపోయింది."

"సట్టి అయ్యేదేందక్కా? సట్టి పగులుతాది గానీ అయిపోతాదా?"

స్టెల్లక్క నన్ను వింతగా చూసింది. "సట్టి తెలీదా నీకు? కంద సట్టి. మురుగన్‌ది. దీపావళి అమాస పోయినాక ఆరు దినాలు ఉపాసముంటారే."

షష్ఠి.

మా కాళహస్తిలో షష్ఠి అంటే షష్ఠే. ఇక్కడ నోళ్ళలో నలిగి అదీ సట్టే అవుతుందని ఈ ఆరేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పే అవసరం రాలేదు. మా ఇంట్లో ఎవరూ ఆ ఉపవాసం ఎప్పుడూ ఉండలేదు. కావడి మొక్కు తప్ప మురుగేష్‌కు ఇంకో మొక్కు తెలియదు. రేపు అని మామ చెప్పింది క్యాలెండరులో షష్ఠి గురించి.

ఒక్కొక్కటే వచ్చి నా మీద పడింది. అందరికీ వడ్డించి, నేను తర్వాత తింటాలే అని వంటింట్లోకి పోయిన అత్త తిననే లేదు. తినలేదు కాబట్టి తిన్నాక వేసుకోవాల్సిన మాత్రలు వేసుకోలేదు. మూడోనాడు ఖాళీ కడుపుతో తొట్టి తోముకొంటున్న మనిషి ముందుకు నేను చేపల సంచి తెచ్చి, సట్టి ఎక్కడ అని అడిగాను. వ్రతం పేరు నోటితో చెబితే నేను మానిపిస్తానని ఆమె తల వంచుకొంది.

షుగరు పెట్టుకొని ఈమెకెందుకు ఈ ఉపవాసం అన్నాను.

"ఎందుకంటే ఏం చెప్పేది. నీకోసమే" అంది స్టెల్లక్క. "ఎండాకాలంలోనే అనుకొనింది. సట్టిలో ఉంటే గదమ్మా అగపలో వచ్చేది, నా కోడలు చిక్కిపొయ్యుండాది, దానితో ఉపాసం పెట్టించలేను, దాని బదులు నేనుంటా అని. అరవంలో అగప్పై అంటే లోపలి సంచి. కడుపు. సట్టి ఉపాసంలో ఉంటే కడుపు పండుతాదని ఆ మాటకు అర్థం. నాకు చెప్పి, భానూకు చెప్పొద్దని ఒట్టేయించుకొనింది. ఆసుపత్రిలో వాళ్ళు పెట్టింది తింటాంటాదిలే అనుకొంటిని నేను."

స్టెల్లక్క గడపమీద కూలబడి ఏడ్చాను. సిగ్గుతోనో, భయంతోనో, ఆ ఒక్క వాక్యాన్ని ఎండాకాలం నుంచి కడుపులో పెట్టుకొని కుళ్ళిన నామీద నాకే వచ్చిన కోపంతోనో తెలియదు. మూడూ ఉన్నాయి. స్టెల్లక్క నా తల నిమరలేదు. బస్సు టైమవుతుందని రెక్క పట్టి లేపింది. సట్టిని మళ్ళీ గోనెపట్ట మీద బోర్లించి వచ్చాం.

బస్సెక్కగానే మురుగేష్‌కు ఫోను చేశాను. విని, నేనొక ఎద్దును, కంద సట్టి అని నాకన్నా తోచొద్దా అని తిట్టుకొన్నాడు. ఉపవాసం విడవమని చెప్పు, ప్రాణం మీదికొస్తే దేవుడే వద్దంటాడని చెప్పు అన్నాను. ఇంక అయిపోయిందిలే అనుకొన్నాను.

పుత్తూరులో బస్సు ఆగింది. అప్పుడు గానీ ఆకలి తెలియలేదు. కిటికీలోంచి చెయ్యి చాపి బన్ను కొన్నాను. కాగితం విప్పుతుండగా ఫోను మోగింది.

"అమ్మ వినల్యా" అన్నాడు మురుగేష్. "చెప్పినాను. దండం పెట్టి చెప్పినాను. కళ్ళు మూసుకొనింది. కన్నీళ్ళు కారతాండాయి గానీ నోరు మాత్రం తెరవల్యా. డాక్టరమ్మ వచ్చేసింది భానూ. గొట్టం తెమ్మనింది."

నేను వచ్చేదాకా ఆపమన్నాను. ఎంతసేపు అని అడిగాడు. వాన, ముందు లారీల వరస, ఎంతసేపని చెప్పను?

విడవమంటే ఎందుకు విడుస్తుంది, అనుకొన్నాను. విడిస్తే మొక్కు పోతుంది. మొక్కు పోతే, ఆమె లెక్కలో, నా బిడ్డ పోతుంది. ఇప్పటికే రెండు పోయాయి. ఆరేళ్ళుగా ఒక ఇంట్లో ఉండి, ఆ రెంటికోసం ఆమె కూడా ఏడ్చి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఎవరి దుఃఖం వాళ్ళకే అనుకొన్నాను. అలాంటి మనిషితో దేవుడు క్షమిస్తాడు, తిను అంటే తింటుందా? నేనైతే తింటానా?

బన్ను ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని చూశాను. పొద్దున కాఫీ తాగలేదు. మధ్యాహ్నం తినడం గుర్తే లేదు. రాత్రి కూడా వార్డు బయట మురుగేష్ తెచ్చిన పొట్లం విప్పలేదు. ఎదురు సీట్లో ఒకామె ఒళ్ళో పిల్లవాడు దాన్నే చూస్తున్నాడు. వాడికిచ్చేశాను.

వడమాలపేట దగ్గర బస్సు నిలిచిపోయింది. ఎక్కడో చెట్టు పడిందట. నేను సీట్లోంచి లేచి, కూర్చొని, మళ్ళీ లేచాను. కండక్టరు విసుక్కొన్నాడు. చెంగమ్మ ఊరు ఇక్కడే ఎక్కడో. ఆమె పోయి చాలా ఏళ్ళయిందట, పిల్లలెవరూ చక్రం పట్టలేదట. కొత్తసట్టి తేవాలన్నా ఇక అలాంటిది దొరకదని అత్త ఎప్పుడూ చెప్పే మాట అప్పుడు గుర్తుకొచ్చింది. బస్సు ఎప్పటికో కదిలింది.

ఆసుపత్రి మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. వార్డులోకి పోయేసరికి అత్త మంచం దగ్గర గుంపు. పళ్ళెంలో గొట్టం, జిగురు పట్టీ, గుడ్డపీలిక. మురుగేష్ తల్లి ఎడమచెయ్యి పట్టుకొని ఉన్నాడు. ఓదార్చడానికో, కదలకుండా ఉండటానికో నాకు అర్థం కాలేదు. అత్త కళ్ళు గట్టిగా మూసుకొని ఉంది. డాక్టరమ్మ నన్ను చూసి, ఇక ఆగడం కుదరదమ్మా అంది.

ఒక్క నిమిషం అన్నాను. చెమ్మగిల్లిన చీరతోనే మంచం మీద కూర్చొని ఆమె చెవి దగ్గరికి వంగాను.

"అత్తా, నేను భానూని. సట్టి నేనుంటాను. నీ ఉపాసం పోదు, నా మీదికొస్తాది. రాత్రినుంచి నేనేం తినల్యా. రేపు అయ్యేదాకా తినను. నువ్వు దిగు, నేనెక్కుతా."

ఆమె కళ్ళు తెరిచింది. నన్ను నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? సట్టిని సబ్బుతో తోమినదాన్ని, వ్రతంలో ఉన్న ఇంటికి చేపలు మోసుకొచ్చినదాన్ని. మురుగేష్ చేతిలోంచి తన చెయ్యి విడిపించుకొంది. అది మెల్లగా లేచింది. నా ముఖం దాకా వస్తుందనుకొన్నాను. రాలేదు. నా పొట్ట దగ్గర ఆగింది. వేళ్ళు మడిచి, కణుపుతో తట్టింది. ఒకసారి తట్టి, తల కాస్త పక్కకు వంచి విని, ఇంకోసారి తట్టింది. వాన తడి, చలి, భయం, పొద్దుటినుంచీ ఏమీ లేని కడుపు. అది పెద్దగా గుర్రుమంది. పక్క మంచం దగ్గరున్నవాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది.

అత్త జారిన మూతిలో బాగున్న పక్క కాస్త కదిలింది. తర్వాత నోరు తెరిచింది.

గంజి ఎప్పుడో చల్లారిపోయి మీగడ కట్టింది. స్టీలు గ్లాసులోదే. చెంచాతో పోశాను. సగం పక్కకు కారింది, సగం లోపలికి పోయింది. ప్రతి గుటకకూ నా గొంతు కూడా కదిలింది. డాక్టరమ్మ చాలాసేపు నిలబడి చూసి, పళ్ళెం తీసుకుపొమ్మని నర్సమ్మకు సైగ చేసింది. మురుగేష్ గోడకు ఆనుకొని ముఖం తుడుచుకొన్నాడు. తర్వాత కిందికి పోయి, ఏం తోచక, నాకోసం వేడి వడలు పొట్లం కట్టించుకొని వచ్చాడు. ఆ వాసన వార్డంతా పరుచుకొంది.

అత్త పొట్లం వైపు చూసింది. నా వైపు చూసింది.

"సట్టి" అంది గట్టిగా.

"ఉండాను లే అత్తా" అన్నాను.